పాత సర్వర్ చెప్పకుండా చేసిపెట్టిన పనులు

చెన్నై టి. నగర్‌లో తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే షోళింగనల్లూరు నుంచి, అంబత్తూరు నుంచి ఇంత దూరం వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం పెంచకుండా నేరుగా విషయంలోకి వెళతాను. జావా అప్లికేషన్ సర్వర్‌ను, అంటే జావాలో రాసిన అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు డేటాబేస్ వైపు నుంచే ఎందుకు అన్ని ఎర్రర్లు వస్తాయి, వాటి మూలం ఎక్కడ వెతకాలి అన్నదే ఈరోజు అంశం. తెలుగులోనే మాట్లాడతానని నిర్వాహకులను అడిగి మరీ ఒప్పించాను. ఆఫీసు మీటింగుల్లో అర్థమైనట్టు తలలూపి, బయటికి వచ్చాక వరండాలో "అసలు ఏమైంది అక్కా" అని తెలుగులో అడిగే పిల్లలను చాలామందిని చూశాను. ఆ వరండా మాటలనే ఇక్కడ అందరి ముందూ చెప్పాలని నా కోరిక.

అప్‌గ్రేడ్ తరవాత వచ్చే డేటాబేస్ ఎర్రర్లలో చాలావరకు కొత్త సర్వర్ తప్పేమీ ఉండదు. పాత సర్వర్ మనకు చెప్పకుండా చేసిపెడుతూ వచ్చిన పనులను కొత్తది చేయదు, అంతే. జావా కోడ్‌కూ డేటాబేస్ టేబుళ్లకూ మధ్య పనిచేసే లైబ్రరీని ప్రొవైడర్ అంటాం. దాని పేరు మనం రాయకపోతే పాతది తన దగ్గరున్నదాన్ని తగిలించుకునేది. టేబుల్‌లో చేరే కొత్త వరసలకు సంఖ్యలు ఇచ్చే సీక్వెన్స్ పేరు చెప్పకపోతే తానే ఒక పేరు అనుకునేది. ఇంట్లో అమ్మ చేసే పనులు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడవు. ఆవిడ పది రోజులు ఊరికి వెళ్లగానే, పాలవాడికి లెక్క ఎవరు చూడాలో, గ్యాసు బండ ఎప్పుడు చెప్పాలో ఎవరికీ తెలియక ఇల్లంతా తలకిందులవుతుంది. అప్‌గ్రేడ్ చేసిన రాత్రి మన పరిస్థితి అదే. కాబట్టి "ఏది చెడిపోయింది" అని కాకుండా "ఇన్నాళ్లూ ఈ పని ఎవరు చేశారు" అని అడగడం మొదలుపెట్టండి. నా అనుభవంలో ఈ ప్రశ్న గంటల పనిని నిమిషాల్లోకి తెచ్చింది.

మా సొంత ఉదాహరణ చెబుతాను. మాధవరం గోదాముల్లో సరుకు రాకపోకల లెక్క చూసే ఒక అప్లికేషన్ మా జట్టు చేతిలో ఉండేది. వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ముందు వైల్డ్‌ఫ్లై 26 అనే అప్లికేషన్ సర్వర్. ధనుర్మాసంలో ఒక శనివారం రాత్రి పది గంటలకు ఆపి, కొత్త వైల్డ్‌ఫ్లై ఎక్కించాం. 2022 నవంబరులో వచ్చిన వైల్డ్‌ఫ్లై 27 నుంచి ఆ సర్వర్ జకార్తా ఈఈ 10కు, అంటే పాత జావా ఈఈ ప్రమాణాల కొత్త పేరున్న తరానికి, మారిపోయింది. అంటే మేము దాటింది ఒక మెట్టు కాదు, ఒక అంతస్తు. ఆ సంగతి మాకు తెలుసు. కోడ్‌లో పాత ప్యాకేజీ పేర్లన్నీ మార్చుకున్నాం, పరీక్షలన్నీ పాసయ్యాయి. సర్వర్ స్టార్ట్ చేశాం. లాగ్‌లో వందల కొద్దీ వరసలు దొర్లి, చివరన ఒక పెద్ద జాబితా పడింది. ఫలానా సర్వీసుకు కావలసిన ఫలానా సర్వీసు లేదు, దానికి కావలసిన ఇంకొకటి లేదు. నలభై వరసలు.

జట్టులో నలుగురం ఆ నలభై వరసలను పంచుకుని తలా పది తీసుకున్నాం. అది పెద్ద పొరపాటు, ఇప్పటికీ చాలా జట్లు చేసే పొరపాటు. గూడూరు దగ్గర సిగ్నల్ చెడిపోతే చెన్నై సెంట్రల్ బోర్డు మీద ఎనిమిది రైళ్లు ఆలస్యమని పడుతుంది. బోర్డు ముందు నిలబడి ఒక్కో రైలునూ బాగుచేయలేం కదా. గంటన్నర పోయాక లాగ్‌ను మొదటి నుంచి చదివితే, ఎక్కడో పైన ఒకే ఒక్క వరస కనిపించింది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ అనే పేరుతో డ్రైవరే లేదని. డ్రైవర్ అంటే సర్వర్‌ను డేటాబేస్‌తో మాట్లాడించే కోడ్. పాత సర్వర్ ఫోల్డర్‌లో మాడ్యూల్స్ అనే డైరెక్టరీ కింద డ్రైవర్ జార్‌నూ (జార్ అంటే జావా కోడ్ మూట) దాన్ని సర్వర్‌కు పరిచయం చేసే మాడ్యూల్.ఎక్స్ఎమ్ఎల్‌నూ ఎవరో ఎప్పుడో పెట్టారు. ఆ పెట్టిన మనిషి సంస్థ వదిలి నాలుగేళ్లయింది. కొత్త సర్వర్‌కు సర్వర్ అమరికలుండే స్టాండలోన్.ఎక్స్ఎమ్ఎల్‌లోని డేటా సోర్స్ భాగం (డేటాబేస్‌కు ఎలా చేరాలో చెప్పే వివరాలు) మాత్రం తెచ్చుకున్నాం, మాడ్యూల్ తేలేదు. డ్రైవర్ లేక డేటా సోర్స్ లేవలేదు. డేటా సోర్స్ లేక దాని జేఎన్‌డీఐ పేరు, అంటే కోడ్ దాన్ని వెతుక్కునే పేరు, నమోదు కాలేదు. ఆ పేరు దొరకక పర్సిస్టెన్స్ యూనిట్, అంటే ఏ క్లాసులు ఏ డేటాబేస్‌లో నిలవాలో చెప్పే భాగం, ఆగింది. యూనిట్ లేక దాని మీద ఆధారపడిన బీన్లన్నీ, అంటే సర్వర్ నడిపే చిన్న చిన్న జావా భాగాలన్నీ, వరసగా కూలాయి. మేము పంచుకున్న నలభై వరసలూ ఆ చివరి బీన్లవి.

కాబట్టి లాగ్‌ను పై నుంచి చదవండి. మొదటి ఎర్రర్ దగ్గర ఆగండి. దాన్ని సరిచేశాక సర్వర్ మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ మొదటి ఎర్రర్ చూడండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. ఏ మార్పు ఏ ఎర్రర్‌ను పోగొట్టిందో తెలియకపోతే, తెల్లవారుజామున వెనక్కి వెళ్లవలసి వచ్చినప్పుడు దారి ఉండదు.

ఈ డేటా సోర్స్ పేర్ల విషయం కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ ఎన్నో పాత అప్లికేషన్లు అక్కడే తట్టుకుంటాయి. వైల్డ్‌ఫ్లై పాత పేరు జేబాస్. దాని 4, 5 వెర్షన్ల కాలంలో పేరు చివర "-డీఎస్" అని ఉన్న ఒక ఎక్స్ఎమ్ఎల్ ఫైల్‌ను డిప్లాయ్ ఫోల్డర్‌లో పడేస్తే సరిపోయేది. 2011లో వచ్చిన జేబాస్ ఏఎస్ 7తో ఆ అమరిక అంతా స్టాండలోన్.ఎక్స్ఎమ్ఎల్‌లోకి చేరింది. 2014లో అదే సర్వర్ వైల్డ్‌ఫ్లై అనే కొత్త పేరుతో వచ్చింది. ఇప్పుడు డేటా సోర్స్‌కు పెట్టే పేరు "జావా:/" అనో "జావా:జేబాస్/" అనో మొదలవ్వాలి. అప్లికేషన్‌లో పర్సిస్టెన్స్ యూనిట్ వివరాలుండే పర్సిస్టెన్స్.ఎక్స్ఎమ్ఎల్‌లో రాసిన పేరు దీనితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా దొరకదు.

ప్రొవైడర్ పేర్లదీ ఇదే కథ. గ్లాస్‌ఫిష్ అనే మరో సర్వర్ రెండో వెర్షన్‌లో టాప్‌లింక్ ఎసెన్షియల్స్ అనే ప్రొవైడర్ ఉండేది, మూడో వెర్షన్‌లో దాని స్థానంలో ఎక్లిప్స్‌లింక్ వచ్చింది. హైబర్నేట్ అనే ఇంకో ప్రొవైడర్‌లో "హైబర్నేట్ పర్సిస్టెన్స్" అనే పాత ప్రొవైడర్ క్లాస్ పోయి "హైబర్నేట్ పర్సిస్టెన్స్ ప్రొవైడర్" అనే క్లాస్ వచ్చింది, అది ఉండే ప్యాకేజీ కూడా మారింది. మీ పర్సిస్టెన్స్.ఎక్స్ఎమ్ఎల్‌లో పాత పేరు అలాగే ఉంటే, ఫలానా పేరున్న ఎంటిటీ మేనేజర్‌కు ప్రొవైడర్ లేదనే ఎర్రర్ వస్తుంది. అది చూసి చాలామంది జార్‌లు వెతకడం మొదలుపెడతారు. ముందు మూడు విషయాలు చూడండి. ఆ ఫైల్ నిజంగా మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లోనే ప్యాక్ అయిందా, వెబ్ అప్లికేషన్ మూట అయిన వార్ ఫైల్ అయితే వెబ్-ఇన్ఫ్ కింద క్లాసెస్ లోపల ఉందా? యూనిట్ పేరు కోడ్‌లోనూ ఫైల్‌లోనూ ఒకటేనా? ప్రొవైడర్ క్లాస్ పేరు ఈ వెర్షన్‌దేనా? అసలు ప్రొవైడర్ వరస తీసేసి, సర్వర్ తనతో వచ్చినదాన్ని వాడుకునేలా వదిలేయడం చాలా సందర్భాల్లో మంచిదని నా అభిప్రాయం.

ఇక పేరు మార్పు. చెన్నైలో చదువుకున్న తెలుగువాళ్లకు ఇది వివరించనవసరం లేదు. ఇక్కడి బడిలో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెడతారు, మన ఇంటిపేరుకు చోటుండదు. తరవాత ఏ హైదరాబాదులోనో దరఖాస్తు పెట్టుకుంటే ఇంటిపేరు రాయమంటారు. మనిషి ఒకరే, కాగితాల లెక్కలో ఇద్దరు. డేటాబేస్ పనులకు జావాలో ఉన్న ప్రమాణం, జావా పర్సిస్టెన్స్‌కు జరిగింది అచ్చంగా ఇదే. 2006లో జావా ఈఈ 5తో పుట్టినప్పుడు దాని ప్యాకేజీ జావాఎక్స్.పర్సిస్టెన్స్. 2017లో ఒరాకిల్ సంస్థ జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాలని నిర్ణయించింది. 2018లో దాని పేరు జకార్తా ఈఈ అయింది. జావాఎక్స్ అనే ప్యాకేజీ పేరు కింద కొత్త మార్పులు చేసే విషయంలో ఇద్దరికీ ఒప్పందం కుదరలేదని 2019 మే నెలలో తేలింది. దాంతో 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీలన్నీ జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి. ఫీచర్లు పెద్దగా మారలేదు, ఇంటిపేరు మారింది.

అయితే అన్నీ మారలేదు. ఇక్కడ చాలామంది జారిపడతారు. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, జావాఎక్స్.నేమింగ్ జావా భాషతోనే వచ్చేవి కాబట్టి వాటి ఇంటిపేరు అలాగే ఉంది. డేటా సోర్స్ ఇంటర్‌ఫేస్ ఈ రోజుకీ జావాఎక్స్.ఎస్‌క్యూఎల్‌లోనే ఉంది. ప్రాజెక్టు మొత్తం మీద జావాఎక్స్ కనబడిన చోటల్లా జకార్తా అని మార్చేస్తే డేటా సోర్సే దొరకకుండా పోతుంది. పర్సిస్టెన్స్.ఎక్స్ఎమ్ఎల్ తలభాగంలోని చిరునామా కూడా మూడు తరాలు మారింది. మొదట జావాను పుట్టించిన సన్ సంస్థ పేరుతో, తరవాత జావా ప్రమాణాలు చూసే జేసీపీ పేరుతో, ఇప్పుడు జకార్తా పేరుతో. కింద ప్రాపర్టీల పేర్లలో కూడా జావాఎక్స్ ఉంటుంది, అవీ చూసుకోండి. పాత ప్రాపర్టీ పేర్లను కొన్ని ప్రొవైడర్లు హెచ్చరికతో ఒప్పుకుంటాయి. ఆ దయ మీద ఆధారపడకండి, తరవాతి వెర్షన్‌లో అది ఉండకపోవచ్చు.

ఇంతవరకూ చెప్పినవన్నీ అరిచి చెప్పే ఎర్రర్లు. సర్వర్ లేవదు, తెలిసిపోతుంది. నాకు భయం నోరు విప్పని వాటి గురించే. మీ సొంత కోడ్‌లో పాత ఇంపోర్టు మిగిలితే కంపైలర్ పట్టేస్తుంది. కానీ మూడేళ్ల క్రితం కంపైల్ చేసి, నాలుగు ప్రాజెక్టులు పంచుకుంటున్న ఒక జార్ ఉంటుంది. అందులోని క్లాస్ మీద పాత ఇంటిపేరుతో ఎంటిటీ అనే అనోటేషన్, అంటే ఈ క్లాస్ ఒక టేబుల్‌కు చెందినదని చెప్పే గుర్తు, ఉంటుంది. ఆ అనోటేషన్ తాలూకు క్లాస్ దొరకకపోతే జావా ఏం చేస్తుందో తెలుసా? ఎర్రర్ ఇవ్వదు. ఆ అనోటేషన్ లేనట్టే ఊరుకుంటుంది. ఇది జావా పనిచేసే పద్ధతే, లోపం కాదు. ఫలితంగా ఆ క్లాస్ ఒక మామూలు క్లాస్ అయిపోతుంది, టేబుల్‌తో దానికి సంబంధం తెగిపోతుంది. సర్వర్ చక్కగా లేస్తుంది. లాగిన్ పేజీ వస్తుంది. ఆ టేబుల్‌ను మొదటిసారి అడిగిన క్షణంలో, అది సోమవారం మధ్యాహ్నం కావచ్చు, అలాంటి ఎంటిటీ తెలియదని ఎర్రర్ వస్తుంది. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందు ప్రతి జార్‌ను విప్పి, లోపల జావాఎక్స్.పర్సిస్టెన్స్ అనే మాట ఉందో లేదో వెతకండి. పది నిమిషాల పని.

ఇప్పుడు మా గోదాము కథలో రెండో భాగం. నన్ను చాలా రోజులు బాధపెట్టిన భాగం.

డ్రైవర్ సమస్య తీరి సర్వర్ లేచాక, సరుకు నమోదు చేసి చూడబోతే ఫలానా సీక్వెన్స్ లేదని పోస్ట్‌గ్రెస్ చెప్పింది. హైబర్నేట్ ఐదో వెర్షన్‌లో, సంఖ్య ఎలా ఇవ్వాలో మనం చెప్పని టేబుళ్లకు హైబర్నేట్_సీక్వెన్స్ అనే ఒకే సీక్వెన్స్ నుంచి సంఖ్యలు వచ్చేవి. ఆరో వెర్షన్ నుంచి ఒక్కో ఎంటిటీకి దాని పేరు చివర ఎస్ఈక్యూ చేర్చి విడివిడిగా సీక్వెన్స్ కోసం వెతుకుతుంది. మా జట్టులో నెల్లూరు నుంచి వచ్చిన కుర్రవాడు, చాలా తెలివైనవాడు, వెంటనే ఆ పేరుతో సీక్వెన్స్ సృష్టించాడు. ఈసారి ఇంకో ఎర్రర్: కోడ్ ప్రకారం సీక్వెన్స్ 50 చొప్పున పెరగాలి, డేటాబేస్‌లో ఒకటి చొప్పున పెరుగుతోంది అని. అదీ సరిచేశాడు. మిగతా టేబుళ్లకూ అలాగే చేశాడు. "అక్కా, అన్నీ పోయాయి" అన్నాడు. తెల్లవారుజాము మూడు గంటలు. నేను తెర మీద ఒక నమోదు చేసి చూశాను, సేవ్ అయింది. అందరం ఇళ్లకు వెళ్లాం.

సోమవారం పొద్దున గోదాము సూపర్‌వైజర్ ఫోను చేశారు. గుమ్మిడిపూండి వైపు మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "అమ్మా, పొద్దున దింపిన లారీలు తెర మీద లేవు. నేను ఎక్కించాను, సేవ్ అయిందని కూడా చూపించింది" అన్నారు. వెతికితే ఉన్నాయి, జాబితా చిట్టచివరి పేజీలో. వాటి సంఖ్యలు 1, 2, 3 అని మొదలై రెండు వందలు దాటాయి. అంతకు ముందు శనివారం నాటికి మా నమోదు సంఖ్య ఎనిమిది లక్షల పైన ఉంది.

ఏమయిందో చూడండి. మేము సృష్టించిన సీక్వెన్స్ 1 నుంచి మొదలైంది. పాత వరసలు ఉన్న టేబుళ్లలో అయితే ఒకే సంఖ్య రెండుసార్లు రాకూడదనే నియమం అడ్డుపడి వెంటనే ఎర్రర్ వచ్చేది. ఈ టేబుల్‌లో మూడేళ్లు దాటిన వరసలను ఎప్పటికప్పుడు పాత దస్తావేజుల టేబుల్‌లోకి తరలించేవాళ్లం. కాబట్టి చిన్న సంఖ్యలన్నీ ఖాళీగా ఉన్నాయి, కొత్త వరసలు హాయిగా వాటిలో కూర్చున్నాయి. ఇప్పుడు దస్తావేజుల్లో ఒక 57వ నమోదు, ఈరోజుది ఒక 57వ నమోదు. పాత బిల్లు తెరిచి 57ను వెతికితే రెండు లారీలు. ఆ రెండు వందల పైచిలుకు వరసలకూ, వాటిని చూపించే బిల్లు వరసలకూ కొత్త సంఖ్యలు ఇచ్చి సరిచేయడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆ కుర్రవాడు ఆ రెండు రోజులూ సరిగా తినలేదు. తప్పు అతనిది కాదు. ఎర్రర్ పోవడమే లక్ష్యంగా పనిచేయమని మేమే నేర్పాం.

సరైన దారులు రెండు. హైబర్నేట్‌లో డీబీ స్ట్రక్చర్ నేమింగ్ స్ట్రాటజీ అనే ప్రాపర్టీ ఉంది. దానికి సింగిల్ అనో లెగసీ అనో విలువ ఇస్తే పాత పద్ధతి పేర్లే వాడుతుంది. ఏది ఇవ్వాలన్నది మీ పాత హైబర్నేట్ వెర్షన్‌ను బట్టి ఉంటుంది, రెండూ నకలు డేటాబేస్ మీద పెట్టి చూడండి. అప్‌గ్రేడ్ రాత్రి నేను ఎంచుకునేది ఈ దారే. రెండోది, కొత్త సీక్వెన్స్‌లు చేసుకోవడం. అలా చేస్తే టేబుల్‌లోనూ దస్తావేజుల టేబుల్‌లోనూ ఉన్న గరిష్ఠ సంఖ్య కనుక్కుని, దానికి కనీసం 50 కలిపి అక్కడ నుంచి మొదలుపెట్టండి. ఒకటి కలిపితే చాలదా అని అడుగుతారు. చాలదు. 50 చొప్పున పెరిగే సీక్వెన్స్ ఇచ్చిన సంఖ్యను హైబర్నేట్ ఆ గుంపులో చివరిదిగా లెక్కిస్తుంది, అందులోంచి 49 వెనక్కి వెళ్లి పంచడం మొదలుపెడుతుంది. ఒకటే కలిపితే ఉన్న సంఖ్యల మీదికే వచ్చి పడుతుంది.

ట్రాన్సాక్షన్ల విషయంలోనూ, అంటే అన్నీ కలిసి జరగాల్సిన లేదా ఏదీ జరగకూడని పనుల విషయంలోనూ, ఇలాంటి మౌనమే ఉంటుంది. డేటా సోర్స్ వివరాలు కొత్త సర్వర్‌లో చేత్తో మళ్లీ రాసేటప్పుడు జేటీఏ అనే గుర్తు తప్పుగా పడితే, సర్వర్ నడిపే ట్రాన్సాక్షన్‌లో డేటాబేస్ చేరదు. మధ్యలో ఏదైనా విఫలమైతే సగం బిల్లు నిలిచిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక్కటే పరీక్ష: మొదటి వరస రాసిన వెంటనే కావాలని ఎర్రర్ వచ్చేలా చేసి, టేబుల్‌లో ఆ వరస మిగిలిందేమో చూడండి. లాగిన్ పేజీ వచ్చింది కదా అని సంతకం పెట్టకండి.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు ఒక చిన్న మాట. డ్రైవర్ ఎనిమిదో వెర్షన్‌లో క్లాస్ పేరులో మధ్యన సీజే అని చేరింది. దాని తొలి విడుదలల్లో, సర్వర్ టైమ్ జోన్ ఐఎస్‌టీ అర్థం కావడం లేదు లేదా ఒకటి కంటే ఎక్కువ జోన్లకు వర్తిస్తోంది అనే ఎర్రర్ వచ్చేది. ఐఎస్‌టీ అంటే మనకు భారత కాలమానమే. ఐర్లండ్ వాళ్లకూ ఇజ్రాయెల్ వాళ్లకూ కూడా అదే పొట్టిపేరు ఉంది. ఏషియా/కోల్‌కతా అని పూర్తిగా రాస్తే గొడవ ఉండదు.

ఒక విషయం మాత్రం మిమ్మల్ని బతిమాలి చెబుతున్నాను. హైబర్నేట్‌లో హెచ్‌బీఎమ్2డీడీఎల్.ఆటో అనే ప్రాపర్టీ ఉంది. దానికి క్రియేట్-డ్రాప్ అనే విలువ ఉంటే సర్వర్ లేచేటప్పుడు టేబుళ్లను కొత్తగా కడుతుంది, ఆగేటప్పుడు తీసేస్తుంది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో అది సౌకర్యం. ఆ ఫైల్ అప్‌గ్రేడ్ హడావుడిలో పొరపాటున అసలు సర్వర్‌కు చేరితే ఏమవుతుందో ఊహించండి. అసలు సర్వర్‌లో వాలిడేట్ లేదా నన్, ఈ రెండే ఉండాలి. అప్లికేషన్ వాడే డేటాబేస్ యూజర్‌కు టేబుళ్లు తీసేసే అధికారమే ఇవ్వకండి. అప్పుడు ఎవరు ఏ ఫైల్ ఎక్కించినా డేటాబేస్ ఒప్పుకోదు.

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను: ఇన్నాళ్లూ ఈ పని ఎవరు చేశారు? దీనికి జవాబు అప్‌గ్రేడ్ రాత్రి వెతకకూడదు, నెల ముందే వెతకాలి. పాత సర్వర్ నడుస్తుండగానే ఒక కాగితం తీసుకోండి. డ్రైవర్ ఎక్కడుంది, ఏ వెర్షన్, డేటా సోర్స్ అసలు పేరేమిటి, ప్రొవైడర్ ఏది, స్టార్ట్ అయ్యేటప్పుడు లాగ్‌లో కనిపించే డయలెక్ట్ (హైబర్నేట్ ఏ డేటాబేస్ యాసలో మాట్లాడుతోందన్నది) ఏది, ప్రతి టేబుల్‌కూ సంఖ్యలు ఎక్కడ నుంచి వస్తున్నాయి, గరిష్ఠ సంఖ్య ఎంత. మన ఫైళ్లలో రాసి ఉన్నవి ఒక రంగులో, రాయకపోయినా జరిగిపోతున్నవి ఇంకో రంగులో రాయండి. రెండో రంగులో ఉన్న ప్రతిదాన్నీ పాత సర్వర్‌లోనే కాన్ఫిగరేషన్‌లో స్పష్టంగా రాసి, ఒక వారం నడపండి. ఆ తరవాతే కొత్త సర్వర్ ముట్టుకోండి. మాధవరం తరవాత మేము మూడు అప్లికేషన్లను ఇలాగే మార్చాం. మూడో దానికి రెండో రంగులో పదిహేడు వరసలు వచ్చాయి, అందులో నాలుగు సీక్వెన్స్‌లవే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మీలో కొందరు లాగ్ ఫైళ్లు తెచ్చుకున్నారని నిర్వాహకులు చెప్పారు. పాస్‌వర్డులు, ఖాతాదారుల వివరాలు ఉంటే ముందు తీసేయండి. ఆ వెనక వరసలో ల్యాప్‌టాప్ తెరిచి ఉన్న అబ్బాయి, మీదే మొదట చూద్దాం. చివరికి వెళ్లకండి, పైకి జరపండి, ఇంకా పైకి. ఎర్రర్ అనే మాట మొదటిసారి ఎక్కడ కనబడితే అక్కడ ఆపండి.